బ్లాగు, కూలి రాత, కుటుంబ ప్రార్థన: పదేళ్ళ వాడకం తర్వాత

2015 డిసెంబరులో మా సంఘపు పిల్లల కోసం ఒక క్రిస్మస్ నాటిక రాశాను. పక్క ఊళ్ళ సండే స్కూల్ టీచర్లు దాని ప్రతి కావాలని అడుగుతూ ఉంటే, ఒక్కొక్కరికీ జిరాక్సు తీసి పంపలేక, ఉచితంగా బ్లాగు నడుపుకోనిచ్చే బ్లాగర్‌లో ఖాతా తెరిచి అందులో పెట్టాను. అప్పటికి మా అమ్మాయికి ఏడేళ్ళు, బాబుకు రెండేళ్ళు, మేముండేది గుంటూరులో. ఆ బ్లాగు ఇప్పటికీ నడుస్తోంది. దానిని చూసి వచ్చినవారి వలన డబ్బుకు రాసే పని, అంటే అనువాదాలు, పాఠాలు రాయడం, ప్రూఫులు దిద్దడం, 2017లో మొదలై నేటికీ సాగుతోంది. ఈ సమీక్ష ఆ రెండింటినీ కలిపి చేస్తున్నది. విడదీసి చెప్పడం నా విషయంలో కుదరదు. బ్లాగు నాకు డబ్బంటూ పెద్దగా తేలేదు గాని, డబ్బు తెచ్చిన పనులన్నీ దాని గుమ్మంలో నుండే లోపలికి వచ్చాయి.

ముందుగా పనిముట్ల సంగతి. బ్లాగర్ 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చింది. దాని రూపం పాతబడిందని అనేవారి మాట అబద్ధం కాదు. అయితే నెలనెలా ఏమీ కట్టనవసరం లేకపోవడం, పాల లెక్క, కరెంటు బిల్లు, స్కూలు ఫీజుల మధ్య నడిచే ఇంటికి పెద్ద వెసులుబాటు. సొంత డొమైను పేరు, అంటే మనదైన వెబ్ చిరునామా పెట్టుకున్నా ఏడాదికోసారి ఆ పేరుకు కట్టే రుసుము తప్ప వేరే ఖర్చు ఉండదు. 2017లో ఇదంతా చిన్నతనంగా తోచి వర్డ్‌ప్రెస్ వైపు వెళ్ళాను. 2003 నుండి ఉన్న ఆ సాఫ్ట్‌వేరు ఉచితమే, గట్టిదే. కాని దానిని నిలపడానికి సర్వరులో చోటు అద్దెకు తీసుకోవాలి. నేను ఎంచుకున్న అద్దె సంస్థ మొదటి ఏడాది ఒక ధర చూపించి, రెండో ఏడాది దానికి మూడు రెట్లు అడిగింది. ఆ తర్వాతి గడువు బాబుకు డెంగీ జ్వరం వచ్చిన రోజులలో పడింది. పదకొండు రోజులు ఆలస్యంగా కట్టేసరికి నలభైకి పైగా వ్యాసాలు లేకుండా పోయాయి. వాటిలో సగం వరకు, వాట్సాప్‌లో దాచుకున్న పాఠకులను అడిగి తిరిగి ఏరుకున్నాను. 2019లో బ్లాగర్‌కు తిరిగి వచ్చిన నాటి నుండి, ప్రతి నెల మొదటి శనివారం సెట్టింగులలోకి వెళ్ళి మొత్తం బ్లాగు ప్రతిని దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు వేరే ఏది వదిలినా ఈ అలవాటును వదలకూడదని నా అభిప్రాయం.

టైపింగు విషయానికి వస్తే, రోమను అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖినితో నేనూ మొదలుపెట్టాను. రోజుకు ఒక పేజీ రాసేవారికి అది చాలు. కూలికి రాసేటప్పుడు, రోజుకు ఐదారు పేజీలు కొట్టవలసి వచ్చినప్పుడు, ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోక తప్పలేదు. మూడు వారాలు నత్తనడక నడిచాను. ఆ తర్వాత మళ్ళీ వెనక్కి చూడలేదు. ఫోనులో మాటను రాతగా మార్చే సౌకర్యం వంటగదిలో బాగా అక్కరకు వస్తుంది గాని, పంపే ముందు చదువుకోవాలి. ఉపవాస కూడికల కోసం రాసిన ఒక ధ్యానంలో, ఓర్పును గురించిన పేరా మధ్యలో "పాలు పొంగుతున్నాయి చూడు" అన్న వాక్యం అచ్చుకు వెళ్ళిపోయింది. పాఠకులలో ఒకరు అందులో ఏదో ఉపమానం ఉందనుకుని అర్థం అడిగారు.

తెలుగు క్రైస్తవ ప్రచురణలలో పని చేయాలనుకునేవారికి ముందుగా తెలియవలసినది అను ఫాంట్ల సంగతి. సంఘ పత్రికలు, కన్వెన్షన్ కరపత్రాలు, పాటల పుస్తకాలు చాలా వరకు డీటీపీ సెంటర్లలో, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ మీద, అను అనే పాత పద్ధతి అక్షరాలలో తయారయ్యాయి, ఇంకా తయారవుతున్నాయి. మనం రాసేది యూనికోడ్‌లో, అంటే ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే పద్ధతిలో. వారు అడిగేది అనులో. ఒకదాని నుండి మరొకదానికి మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి, రావత్తు చోటు మారుతుంది, "క్రీస్తు" అన్న మాటే సరిగా నిలవని సందర్భాలున్నాయి. మార్పిడి తర్వాత మొత్తం మళ్ళీ చదివి దిద్దాలి. ఈ దిద్దుబాటుకు వేరుగా ధర చెప్పాలని నాకు నాలుగేళ్ళకు గాని తెలిసిరాలేదు. అంతవరకు సగం శ్రమ ఉచితంగా పోయింది.

ధర అన్న మాట వచ్చింది కనుక, ఈ రంగంలో అసలు చిక్కు చెప్తాను. "సేవగా భావించి చేయండి సిస్టర్, దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు." ఈ వాక్యం నేను పదేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. యాభై నిమిషాల ప్రసంగాన్ని వాట్సాప్ ఆడియోగా పంపి, ఆదివారం లోపల వ్యాసంగా మార్చి ఇవ్వమనేవారు కొందరు. వేసవి బైబిల్ పాఠశాలకు పది రోజుల పాఠాలు ఇంగ్లీషు నుండి అనువదించమని, "బడ్జెట్టు లేదు గాని మీ పేరు వేస్తాం" అనేవారు ఇంకొందరు. ముద్రణకు, బ్యానర్లకు, మైకుసెట్టుకు లేని మొహమాటం అక్షరం దగ్గరే ఎందుకు వస్తుందో నాకు అంతుపట్టదు. రెండేళ్ళు కాదనలేక చేశాను. చేసిన ప్రతిసారీ లోపల కొంత చేదు మిగిలేది. ఆ చేదుతో రాసిన పాఠం పిల్లలకు ప్రేమను ఎలా నేర్పుతుందని మావారు ఒక రాత్రి అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా మేమిద్దరం కూర్చుని పెట్టుకున్న పద్ధతి ఇది: జీతంలో దేవునికి దశమ భాగం తీసినట్టే పనిలోనూ తీయడం. వచ్చే పది పనులలో ఒకటి పూర్తిగా ఉచితం, అది ఎవరిదో నేనే ఎంచుకుంటాను. మిగిలిన తొమ్మిదింటికి ధర ముందే కాగితం మీద రాసి పంపుతాను, సగం ముందుగా తీసుకుంటాను. "ఈసారి ఉచిత పని అయిపోయిందండీ, మళ్ళీ వంతు వచ్చినప్పుడు చెప్తాను" అనడం మొదటిసారి కష్టమనిపించింది. విన్నవారిలో సగం మంది మారుమాట లేకుండా డబ్బు పంపారు. మిగిలిన సగం మంది మళ్ళీ రాలేదు, వారి పట్ల నాకు కోపమూ లేదు.

క్రమంగా డబ్బు వచ్చినది మాత్రం భక్తి రచనల నుండి కాదు. పాఠశాల పుస్తకాల తెలుగు అనువాదం, ఆసుపత్రుల అవగాహన కరపత్రాలు, వస్తువుల వాడకపు సూచనలు: ఈ చప్పిడి పనులే ఇంటి అద్దెలో సగాన్ని మోశాయి. సంస్థలు ఇచ్చే ఫీజు ఏడాదిలో ఒక పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటాయి. ఆ పరిమితి 30 వేల నుండి 2025 ఏప్రిల్‌లో 50 వేలకు పెరిగింది. మొత్తం ఆదాయం పన్ను కట్టవలసినంత లేకపోయినా రిటర్ను దాఖలు చేస్తేనే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. మొదటి రెండేళ్ళు నేను దాఖలు చేయలేదు, ఆ డబ్బు అంతే.

ప్రకటనల ఆదాయం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. బ్లాగులో ప్రకటనలు చూపించే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును 2018లో ఆమోదించిన తర్వాత పెట్టుకున్నాను. ఖాతాలో 10 డాలర్లు చేరాక చిరునామా రూఢి చేసుకోవడానికి పోస్టులో ఒక పిన్ వస్తుంది, 100 డాలర్లు చేరితే గాని బ్యాంకులో పడదు. నాకు ఇంతవరకు మూడుసార్లే పడింది. ప్రార్థన గురించిన వ్యాసం కింద జాతకాల ప్రకటన కనబడుతోందని మా పాస్టరమ్మ గారు ఫోను చేసి చెప్పినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదే. జ్యోతిషం, జూదం వంటి వర్గాలను ఆపుకునే ఏర్పాటు ఖాతాలోనే ఉంది. నేనే తెరిచి చూడలేదు.

పాటల విషయంలో ఒక హెచ్చరిక. క్రైస్తవ బ్లాగులలో పాటల సాహిత్యం మొత్తం పెట్టేయడం మామూలైపోయింది. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను ఎవరైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నిన్న మొన్న రాసి పాడుతున్నవారి పాటలకు అడిగి తీరాలి. దొంగిలించవద్దన్న ఆజ్ఞను పిల్లలకు కంఠస్థం చేయించే మనం ఇక్కడ ఎందుకు కళ్ళు మూసుకుంటామో తెలియదు.

ఇక నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన సంగతి. చిన్నపిల్లలతో రాయడానికి సమయం ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు. దొరుకుతుంది: తెల్లవారుజామున నాలుగున్నర నుండి ఆరు వరకు, పిల్లలు బడికి వెళ్ళాక మూడు గంటలు, ఆదివారం అసలు లేదు. దీనికంటే కష్టమైనది వేరే ఉంది, దాని గురించి ఎవరూ నన్ను ముందుగా హెచ్చరించలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక అధ్యాయం, తలా ఒక ప్రార్థన. బాబు ఒకసారి, "ప్రభువా, మా ట్యూషను సారుకు రేపు కొంచెం జలుబు చెయ్యి, ఎక్కువొద్దు" అని ప్రార్థించాడు. (వాడిని అడిగే ఇది రాస్తున్నాను.) నాకు నవ్వు రావడానికి ముందే మనసులో శీర్షిక వచ్చింది. ఆ తర్వాత గమనిస్తే, నేను మోకాళ్ళ మీద ఉండి కూడా, ఇవాళ ఎవరు ఏమంటారా అని చెవి పెట్టుకుని ఉంటున్నాను. వాక్యం చదువుతున్నప్పుడు అది నాకేం చెబుతోందన్న ఆలోచన పోయి, దీనిని ఎన్ని పేరాలుగా విడగొట్టవచ్చన్న ఆలోచన వస్తోంది. బ్లాగు వారానికో వ్యాసం అడుగుతుంది, ఇంట్లో దొరికే సరుకు అదే కదా.

2019లో మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక, బయటి ఊరి నుండి వచ్చిన ఒక ఆంటీ మా అమ్మాయిని దగ్గరకు తీసుకుని, "చీకటంటే భయపడి ప్రార్థన చేసుకున్న పాపవు నువ్వేనా తల్లీ!" అని ముద్దు చేశారు. అమ్మాయికి అప్పటికి పదకొండేళ్ళు. ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, "అది నేను దేవుడికి చెప్పుకున్నానమ్మా, నువ్వెందుకు అందరికీ చెప్పావు?" అంది. ఆ రాత్రే కూర్చుని, పిల్లల మాటలు, జ్వరాలు, మొండితనాలు, మార్కులు ఉన్న వ్యాసాలను ఒక్కొక్కటిగా డ్రాఫ్టులోకి తిప్పేశాను. మొత్తం 31 తేలాయి. బ్లాగులో అవి మాయమయ్యాయి గాని, నా పేరు తీసేసి వాట్సాప్‌లో తిరుగుతున్న ప్రతులను నేనేమీ చేయలేకపోయాను. వాటిలో ఒకటి రెండేళ్ళ తర్వాత మా స్త్రీల సమాజం గ్రూపులోనే, ఎవరో తెలియని తల్లి సాక్ష్యంగా నాకు తిరిగి వచ్చింది. బాగుంది, ఎవరు రాశారో అని ఒకరు మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత ఆరు నెలలు రాయడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు మొదలుపెట్టినదే మన ప్రాంతపు సంఘాల చరిత్ర. 1842 జూలైలో మిషనరీ హేయర్ దొర గుంటూరుకు రావడం గురించి మొదటిది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించడం గురించి రెండవది. కరువు తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ వ్యాసాన్ని సండే స్కూల్ టీచర్లు ఇప్పటికీ అడిగి తీసుకుంటారు. పాత భక్తి వ్యాసాలలో చాలా వాటికి వారం తర్వాత చదివేవారు ఉండేవారు కాదు. ఈ చరిత్ర వ్యాసాలకు ఆరేళ్ళుగా పాఠకులు వస్తూనే ఉన్నారు, పెద్ద అనువాదపు పనులు ఇచ్చినవారు కూడా వీటిని చదివి వచ్చినవారే. వీటి కోసం మా ఇంట్లో ఎవరి ప్రార్థననూ వినవలసిన అవసరం పడలేదు.

ఎవరికి పనికొస్తుందని అడిగితే: ఇంట్లో ఇంకొకరి జీతం ఉండి, మొదటి మూడేళ్ళు దాదాపు ఏమీ రాకపోయినా తట్టుకోగలిగి, డబ్బు అడగడానికి నోరు పెగిలేవారికి ఈ పని సరిపోతుంది. పిల్లలను చూసుకుంటూ తీరిక వేళల్లో సులువుగా సంపాదించవచ్చని విని వచ్చేవారు దయచేసి రావద్దు. చంటిబిడ్డ ఉన్నవారు బ్లాగు పెట్టుకోండి, గడువు ఉన్న పని మాత్రం ఒప్పుకోకండి. పిల్లల గురించి రాయాలనిపిస్తే నోటు పుస్తకంలో రాసుకోండి, అది వారికి పెళ్ళినాడు ఇవ్వవచ్చు.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేడేళ్ళు. ఇంటి ప్రస్తావన ఉన్న ఏ రచననైనా ముందు తనకు చూపిస్తాను, ఈ సమీక్షను కూడా చూపించాను. రెండు వాక్యాలు కొట్టేసింది. డొమైను గడువు ఈ నెలలో ముగుస్తోంది. మూడేళ్ళకు ఒకేసారి కడితే కొంత తగ్గింపు ఉంది గాని రెండేళ్ళకే కట్టాను. మూడేళ్ళకు బాబుకు పదిహేనేళ్ళు వస్తాయి, అప్పటికి ఈ ఇంట్లో ఏది రాయనిస్తాడో వాడినే అడగాలి.