మద్దిలపాలెంలో సైక్లోఅడిషన్ శిక్షణ: చెప్పడం బాగుంది, సరంజామా బాగోలేదు

విశాఖపట్నం మద్దిలపాలెం వైపు ఒక ప్రైవేటు ప్రయోగశాల, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ముగించి పరవాడ ఫార్మా కంపెనీల్లో ఉద్యోగాలు వెతుక్కునేవారి కోసం సైక్లోఅడిషన్ చర్యల (రెండు అణువులు కలిసి వలయంగా ఏర్పడే చర్యల) మీద వారాంతపు శిక్షణ ఇస్తోంది. సహజ సమ్మేళనాల సంశ్లేషణలో (ప్రయోగశాలలో తయారీలో) ఈ చర్యలకు పెద్దపీట ఎందుకు వేస్తారో చేతులతో చేయించి మరీ చెబుతున్నారు కాబట్టి, కట్టిన రుసుము వృథా కాలేదనే అంటాను.

మొదటి ప్రయోగంలో డైసైక్లోపెంటాడైయీన్‌ను 170 డిగ్రీల ప్రాంతంలో వేడిచేసి, 41 డిగ్రీల దగ్గర మరిగి దిగే సైక్లోపెంటాడైయీన్‌ను మంచులో ఉంచిన ఫ్లాస్కులోకి పట్టించారు. వదిలేస్తే అది తనతో తానే డీల్స్–ఆల్డర్ చర్య (రెండు జంట బంధాలున్న డైయీన్ నాలుగు కార్బన్లు, మరో అణువు రెండు కార్బన్లు ఇచ్చి ఆరంచుల వలయం కట్టే సైక్లోఅడిషన్) జరుపుకొని మళ్లీ జంటకడుతుంది కనుక వెంటనే వాడాలి. మాలెయిక్ అన్‌హైడ్రైడ్ ద్రావణంలో పోయగానే ఫ్లాస్కు అరచేతికి వెచ్చగా తగిలి, చల్లబడేకొద్దీ తెల్లటి స్ఫటికాలు దిగాయి. ఈ ఎండో (అన్‌హైడ్రైడ్ భాగం లోపలివైపు తిరిగి ఉండే) ఉత్పన్నం 164 డిగ్రీల దగ్గర కరగాలి. మా బల్ల మీదిది అంతకు చాలా ముందే మెత్తబడింది. కారణం సీసాలోనే ఉంది: మన సముద్రపు గాలిలో మూత సరిగా బిగించని అన్‌హైడ్రైడ్ తేమ పీల్చి, గడ్డకట్టి, కొంత మాలెయిక్ ఆమ్లంగా మారిపోయింది. తేమ తగలకుండా దాచే డెసికేటర్ పక్కనే ఖాళీగా ఉండగా ఇలా జరగడం క్షమించరాని అశ్రద్ధ.

సిద్ధాంత పాఠం మాత్రం ఆ చిరాకును మరిపించింది. సర్పగంధిలోని రిసర్పిన్‌ను అమెరికన్ రసాయనవేత్త వుడ్‌వార్డ్ బృందం 1956లో సంశ్లేషించినప్పుడు, బెంజోక్వినోన్‌తో జరిపిన ఒక్క డీల్స్–ఆల్డర్ చర్యలోనే మూడు కైరల్ కేంద్రాల (నాలుగు వేర్వేరు సమూహాలు అతికిన కార్బన్ల) సాపేక్ష విన్యాసం ఎలా కుదిరిందో బోధకుడు మోడళ్లతో చూపించారు. మరో అమెరికన్ రసాయనవేత్త కోరే 1969లో చేసిన ప్రోస్టాగ్లాండిన్ (శరీరంలో హార్మోన్లా పనిచేసే సమ్మేళనం) సంశ్లేషణ ఇంకా బాగా వచ్చింది. అక్కడ కావలసింది కీటీన్ అనే చిన్న అణువు డైయీన్‌తో కలిసినట్లుండే ఆరంచుల వలయం. కానీ కీటీన్‌నే వాడితే అది సైక్లోపెంటాడైయీన్‌తో 2+2 పద్ధతిలో (చెరి రెండు కార్బన్లతో) కలిసి నాలుగంచుల సైక్లోబ్యూటనోన్ ఇస్తుంది. అందుకే కోరే కీటీన్‌కు బదులు 2-క్లోరోఅక్రిలోనైట్రైల్‌ను ఎంచుకొని, ఏర్పడిన ఉత్పన్నాన్ని తర్వాతి దశలో కీటోన్‌గా మార్చారు. కోరే వాడిన, ప్రతిక్షేపం (అదనపు సమూహం) ఉన్న సైక్లోపెంటాడైయీన్‌లో హైడ్రోజన్ చోటు మారకముందే చర్య ముగియాలని రాగి లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడి, చల్లగా నడిపించారన్న సంగతిని, ఉదయమే సైక్లోపెంటాడైయీన్ తొందరను కళ్లారా చూసినవాళ్లం ఇట్టే పట్టుకోగలిగాం. నెట్ (అధ్యాపక అర్హత) పరీక్షకు ఎలక్ట్రాన్ కక్ష్యల సౌష్ఠవ పట్టికలు బట్టీపట్టినవారికి వాటి అర్థం తెలియడానికి ఈ గంట ఒక్కటే చాలు.

కాంతితో జరిగే 2+2 చర్యలు కరపత్రంలో ఉన్నాయి గానీ, అతినీలలోహిత దీపం లేక బోర్డు మీదే కానిచ్చేశారు. చేరదలచినవారు డబ్బు కట్టకముందే ఆ దీపం వచ్చిందో లేదో అడగాలి. వీలైతే రసాయనాల అలమారా కూడా ఒకసారి తెరిపించి చూడాలి.