బాయిలర్ ట్యూబు లీకైతే ముక్క వేయించాలా, ట్యూబే మార్చాలా?

మిర్యాలగూడ మిల్లుల్లో యాసంగి వడ్లు దిగడం మొదలైతే నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే: "అన్నా, వాటర్‌వాల్ ట్యూబు కారుతోంది. ముక్క వేస్తే రేపటికి స్టీమ్ ఎక్కుతది గదా?"

ఎక్కుతది. వాటర్‌వాల్ ట్యూబంటే బట్టీ గోడ వెంట ఉండే, లోపల నీళ్లు పారే గొట్టం. ముక్క వేయడమంటే పాడైన భాగం కోసి కొత్త ముక్క అతకడం, ఒక రోజు పని. ట్యూబు మొత్తం మార్చాలంటే బట్టీ ఇటుకలు విప్పాలి, మూడు నాలుగు రోజులు మిల్లు ఆగాలి, గేటు బయట లారీలు బారులు తీరతాయి. డబ్బు లెక్కలో ముక్కే చవక.

నేను మాత్రం అతుకు ఎక్కడ పడుతోందో చూస్తాను. ట్యూబు మారిస్తే అతుకులు హెడర్ల (ట్యూబుల చివరలు కలిసే పెద్ద గొట్టాల) దగ్గర, మంట తగలని చోట ఉంటాయి. ముక్క వేస్తే రెండు అతుకులూ మంటలోనే. పది కేజీల ప్రెషర్‌లో లోపలి నీళ్లు సుమారు 184 డిగ్రీలుంటాయి. బయటి మంటతో పోలిస్తే అవి చల్లనివే, ట్యూబును కాపాడేవీ అవే. అతుకులో మొదటి పొరలో, అంటే రూట్ రన్‌లో, కరెంటు ఎక్కువైతే వెల్డింగ్ లోహం లోపలికి దిగి గడ్డ కడుతుంది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. నీళ్ల గట్టితనం తీసే సాఫ్ట్‌నర్‌ను పట్టించుకోకపోతే ఆ గడ్డ పక్కనే స్కేలు (ఉప్పు పొర) పేరుకుంటుంది. స్కేలు కింద ఇనుము కాగి ఉబ్బుతుంది, ఆపై పగులుతుంది.

పోయిన యాసంగిలో నేనూ ముక్కే వేయించాను. ట్యూబు వెనక వైపు ఇటుక గోడ. వెల్డర్ బట్టీలో వెల్లకిలా పడుకుని, చేతి అద్దంలో చూస్తూ అతికాడు. అతుకు నిలిచింది. రెండు వారాలకు దానికి జానెడు పైన పాత ట్యూబే చిల్లు పడింది! బట్టీలో కాల్చే ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా (ఇసుకలో ఉండేదే), గరుకు కాగితంలా గీకేస్తుంది. గేజ్ పెడితే 3.66 ఎంఎం ఉండాల్సిన మందం అక్కడ రెండుకు కాస్త పైన ఉంది. అంత పలచని ట్యూబుకు కొత్త ముక్క అతకబోతే అంచే కరిగిపోతుంది.

రెండు వైపులా మందం సరిగ్గా ఉండి, సర్టిఫికెట్ ఉన్న వెల్డర్ టిగ్‌తో (అదుపు ఎక్కువగా ఉండే ఆర్క్ వెల్డింగ్‌తో) రూట్ వేస్తానంటే ముక్కకు నేను అడ్డు చెప్పను. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అనుమతి, నీళ్ల ప్రెషర్‌తో చేసే హైడ్రో టెస్టు ఎలాగూ తప్పవు. స్మోక్ ట్యూబైతే (లోపల పొగ, బయట నీళ్లు ఉండేది) రెండు చివరలా ప్లగ్ కొట్టి మూసేసి సీజన్ గడుపుకోవచ్చు. చిల్లు మీద బిళ్ళ అతకడం గురించి మాత్రం నన్ను అడగొద్దు.

ఈసారి వడ్లు రాకముందే ఆ ట్యూబునూ, పక్కన అరిగిన మూడింటినీ మార్పించాం. వెల్డర్‌కు సంచిలోంచి అద్దం తీసే పనే పడలేదు.