పాత కారుకి హెడ్‌లైట్ రిలే కిట్: పెట్టించుకోవాల్సిందే
హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయి, స్విచ్‌ని కాస్త కదిపితే మళ్లీ వెలుగుతుంటే బల్బులు మార్చుకుంటూ పోకండి, ముందు స్విచ్ వెనకాల కనెక్టర్ ఊడదీసి చూడండి. నా కారులో ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కరిగిపోయి ఉంది. 55 వాట్ల బల్బులు రెండూ కలిపి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి, చాలా పాత కార్లలో అదంతా స్విచ్ గుండానే పోతుంది, మరి కాంటాక్టులు కాలక ఏమవుతాయి? అందుకే కొత్త స్విచ్‌తో పాటు ఈ రిలే కిట్ కూడా వేశాను. రిలే అంటే స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో పనిచేస్తూ, బల్బులకి కావాల్సిన పెద్ద కరెంటుని బ్యాటరీ నుంచి నేరుగా పంపే మరో స్విచ్ లాంటిది. ఇప్పుడు స్విచ్ మీద రిలే కాయిల్‌కి కావాల్సిన కొద్దిపాటి కరెంటే పడుతోంది, రాత్రి ప్రయాణమంటే టెన్షన్ లేదు, వెలుతురు కూడా బాగా పెరిగింది. సిరామిక్ సాకెట్లు గట్టిగా ఉన్నాయి. ఎర్త్ వైరు మాత్రం మరీ పొట్టిగా ఇచ్చారు, ఇది నాకు నచ్చలేదు. పెయింట్ గీకి శుభ్రమైన లోహానికే దాన్ని బిగించండి, ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా పెట్టించండి.