హైడ్రోపోనిక్ కిట్: అంతా బాగుంది గానీ ఆ చిన్న ట్యాంకే నచ్చలే

లైట్లు ఎన్ని వాట్లు, మొక్కలు ఎన్ని పడ్తయ్ అన్న ముచ్చట్లు డబ్బా మీదనే రాసి ఉంటయ్, అవి వదిలేస్తున్న. నేను చెప్పేది మట్టి లేకుండ మొక్కలు పెంచే ఈ కిట్ల ఎరువు కలిపిన నీళ్లుండే ట్యాంకు గురించి. నాది నాలుగు లీటర్లది. ఇన్ని పైసలు తీసుకునే వస్తువుకు గింత చిన్న ట్యాంకు పెట్టుడు అన్యాయం, ఇప్పటికీ కోపమొస్తది.

చలికాలమంతా ఏ ఫికర్ లేకుండె. పాలకూర, లెట్యూస్, బేసిల్ అన్నీ మంచిగొచ్చినయ్. పుదీన అయితే లక్ష్మీపురం మార్కెట్ల కొన్న కట్టలకెల్లి నాలుగు కాడలు తీసి గుచ్చితే వారంలనే వేర్లు పట్టినయ్, ఒక కొస తెంపితే పక్కకెల్లి రెండు చిగుర్లు, హాల్ల అడుగుపెడ్తెనే వాసన. దాన్ని చూసే మా చుట్టాలల్ల ఇద్దరు ముగ్గురు కొన్నరు.

శివరాత్రి దాటినంక మొదలైంది కథ. మాది హన్మకొండల పై అంతస్తు ఫ్లాటు, పడమటి గోడ రాత్రి పది దాకా కాలుతనే ఉంటది. ఒకరోజు మధ్యాహ్నం లెట్యూస్ మొత్తం తలకాయలు వాల్చింది. నీళ్లల్ల ఉన్న మొక్క వాడుడేంది అని ట్యాంకుల థర్మామీటర్ పెడ్తే 33 డిగ్రీలు. లెట్యూస్ అసొంటి వాటి వేర్లకు 18 నుంచి 24 మధ్యల ఉంటే హాయి. నీళ్లు వేడెక్కిన కొద్దీ అండ్ల ఆక్సిజన్ తగ్గుతది, 20 డిగ్రీల కాడ లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టేది 33 కాడ 7 దగ్గరికి దిగుతది, అదే టైంల వేర్లకేమో ఇంకా ఎక్కువ గావాలె. మూత లేపి చూస్తే తెల్లగుండాల్సిన వేర్లు చాయ్ రంగుకు తిరిగినయ్, పట్టుకుంటే జిగట, గుంజితే పై పొర చేతికి ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగిలింది, కుళ్లు వాసన. పిథియం అనే వేరుకుళ్లు తెగులు లక్షణాలన్నీ ఉన్నయ్. రెండు దినాలల్ల లెట్యూస్, బేసిల్ రెండూ పోయినయ్.

చిన్న ట్యాంకుతోని ఇంకో బాధ, ఎండకు మొక్కలు నీళ్లు గుంజుడు ఎక్కువ, ఎరువు ఉప్పులు అండ్లనే మిగుల్తయ్, పొద్దున 800 ఉన్న టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన ఉప్పుల లెక్క) తెల్లారేసరికి వెయ్యి దాటుతది. ఉత్త నీళ్లు పోసి సరిజేసుడు రోజూ పనే. పెద్ద ట్యాంకుల గిట్ల ఎగురదు. అమ్మినోళ్లకు ఫోన్ జేస్తే ఏసీ రూంల పెట్టుకోండి సార్ అన్నరు. అమ్మేటప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలే?

ఐసు బాటిళ్లు వేసి చూసిన, గంట గంటన్నర కంటే ఆగలే. ఆఖరికి చేపలు ప్యాక్ జేసే థర్మాకోల్ డబ్బా పెద్దది తెచ్చి, మూతకు బొక్కలు చేసి నెట్ పాట్లు (మొక్క పెట్టే జాలి గిన్నెలు) దించిన. హవాయి యూనివర్సిటీల బెర్నార్డ్ క్రాట్కీ సార్ చెప్పిన పద్ధతి, పంపు అక్కర్లేదు, మొక్క తాగిన కొద్దీ నీళ్లు కిందికి దిగి ఆ ఖాళీల పై వేర్లకు గాలి దొరుకుతది. అందుకే మళ్ల అంచుదాకా నింపొద్దు, ఆ గాలి వేర్లు మునిగితే మొక్క దెబ్బతింటది. థర్మాకోల్ వేడిని తొందరగ లోపలికి రానియ్యదు, నీళ్లు ఎక్కువున్నయ్ కాబట్టి గంటకో తీరుగ మారవు. కరెంటు పోయినా రంది లేదు. మే నెలల అండ్ల తోటకూర, బచ్చలి బ్రహ్మాండంగ వచ్చినయ్, అసలు అవి వేడిని తట్టుకునే కూరలే. లెట్యూస్ మాత్రం ఎండకాలం జోలికి పోను, బతికినా పువ్వుకొచ్చి చేదైతది.

పుదీన గురించి పైన గొప్పగ చెప్పిన గానీ ఒకటున్నది, దాని వేర్లు కిట్ల నీళ్లు తిప్పే పంపు నోట్లెకు పోయి జామ్ జేస్తయ్, పదిహేను రోజులకోసారి కత్తిరియ్యాలె. చపాటా మిర్చి కూడ పెట్టిన, మన వరంగల్‌ది, 2025ల జీఐ ట్యాగ్ వచ్చిందే, అది. చెట్టు నిండ పూత పూసి రాలిపోయింది. కిట్ లైటు ఆకుకూరలకు సరిపోతది, కాయకు చాలదు.

ఇంట్ల ఇద్దరమే, నాది ఇంటికాడి పని, రోజు చూసుకునే తీరిక ఉన్నది, అందుకే నాకు నడుస్తున్నది. కింది అంతస్తు చల్లటి ఇల్లో, పగలంత ఏసీ నడిచే ఇల్లో ఉన్నోళ్లకు ఇదే ట్యాంకు ఏ ఇబ్బంది పెట్టకపోవచ్చు. మా ఇంట్లయితే కిట్ దసరా నుంచి శివరాత్రి దాకనే, తర్వాత కడిగి అటక మీద పెడ్తున్న. ఇదే కిట్ పదిహేను లీటర్ల ట్యాంకుతోని వస్తే మాత్రం రేపే కొంట.