స్కూలు ప్రాజెక్టు మోడళ్ల షాపు, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు: మేం కప్ప చేయించుకున్నాం

మా పాప ఏడో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి కప్ప జీవితచక్రం అన్నారు. అందరూ చెరువే పెడతారని తను స్ట్రాబెర్రీ కప్పని పట్టుకుంది. నికరాగ్వా, కోస్టారికా, పనామా వానఅడవుల్లో ఉంటుంది, ఒళ్లు ఎరుపు, కొన్నిటికి కాళ్లు నీలం, పొడవు 2 సెంటీమీటర్లకి అటూ ఇటూ.

షాపన్న ముందు రెడీగా ఉన్న చెరువు మోడల్‌కే ఎర్ర రంగేసి ఇచ్చాడు. పాప ముఖం చిన్నబోయింది. "అన్నా, ఈ కప్ప నీళ్లలో గుడ్లు పెట్టదు" అంటే మాత్రం ఆయన విసుక్కోలేదు, స్టూలు వేసి పాప చేత మొత్తం చెప్పించుకున్నాడు. మన మడుల్లో కప్పలు వానపడ్డ రాత్రి వేలకొద్దీ గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి కదా, ఇదేమో రాలిన ఆకుల్లో 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది, అవి ఎండిపోకుండా మగకప్ప తడుపుతుంటుంది, పిల్లలు బయటికొచ్చాక తల్లి వీపు మీద ఎక్కించుకుని చెట్లెక్కి, అనాస కుటుంబం మొక్కల ఆకుల మొదట్లో నిలిచిన వాననీళ్లలో ఒక్కోచోట ఒక్కోదాన్ని దింపుతుంది. కొన్ని రోజులకోసారి అన్నిటి దగ్గరికీ తిరుగుతూ, పిల్ల తినడానికని, పొదగని గుడ్లు పెట్టిపోతుంది. తల్లి రాగానే పిల్ల ఒళ్లు బిగబట్టి తోక గడగడా ఆడిస్తుంది. ఆ గుడ్లే దాని తిండి, తల్లి రాకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

"అయితే ఒక్కో ఆకులో ఒకటే పెట్టాలన్నమాట" అన్నాడు, అంతే, మళ్లీ మొదట్నుంచీ చేశాడు. మూడు రోజులన్నాడు, నాలుగైంది, మాకు టెన్షన్. కానీ చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆకులకి ఫోమ్ షీటు, నీళ్లకి గ్లూ గన్ బొట్టు, ఆ బొట్టు గట్టిపడే లోపే ఆవగింజంత నల్ల క్లే పిల్లని అందులో కూర్చోబెట్టాడు, లైటు పడితే అచ్చం నీళ్లలో వణుకుతున్నట్టే ఉంది. తల్లి గోరంతే, వీపు మీద ఇంకో పిల్ల.

ఎర్ర అట్ట మీద ఈ కప్ప ఒంట్లో ఉండే విషం సంగతి కూడా రాయించాం: కప్ప తినే చీమలు, చిన్న పురుగుల నుంచే వస్తుంది, పెంపకంలో వేరే తిండి పెడితే ఉండదు.

700 తీసుకున్నాడు, మొదటిదానికి పైసా అడగలేదు. క్లే మాత్రం పెళుసు, ఆటోలో తెస్తుంటే తల్లి వెనక కాలు ఊడింది, ఫెవిక్విక్‌తో అంటించుకున్నాం. అట్టపెట్టె అడిగి తీసుకోండి, ఎగ్జిబిషన్‌కి వారం ముందే చెప్పండి.