నోటిని కాపాడటంలో ఏది ముఖ్యం: లాలాజలమా, చిగుళ్ల అంచున కాపుండే తెల్లకణాలా?

రోజుకు సుమారు 0.5 నుంచి 1.5 లీటర్ల దాకా ఊరే లాలాజలం నోటిలోని క్రిములను కడిగేయడంతోనే ఆగదు. అందులో ఉండే, 1922లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వెల్లడించిన లైసోజైమ్ అనే ఎంజైము బ్యాక్టీరియా గోడను ఛేదిస్తుంది, లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ వాటికి ఇనుము దక్కనివ్వదు, హిస్టాటిన్లు అనే చిన్న ప్రోటీన్లు కాండిడా శిలీంధ్రాన్ని అణచివేస్తాయి. నిద్రలో ఈ ఊట బాగా తగ్గుతుంది కనుకనే తెల్లవారి లేవగానే నోరు పాచివాసన వేస్తుంది.

అయితే పంటికీ చిగురుకూ మధ్యనున్న సన్నని సందులోకి లాలాజలం సరిగా చేరదు. అక్కడికి రక్తనాళాల నుంచి నిరంతరం వచ్చే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బ్యాక్టీరియాను మింగి చంపుతాయి. మితిమీరితే మాత్రం వాటి ఎంజైములే చిగురును దెబ్బతీస్తాయి.

అయినా ఈ రెండింటిలో నేను న్యూట్రోఫిల్స్‌కే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే అవి రక్తనాళం దాటి రాలేని తీవ్రమైన జన్యులోపంతో పుట్టిన పిల్లలకు, లాలాజలం ఊరుతున్నా, చిన్నవయసులోనే చిగుళ్లు దెబ్బతిని పళ్లు కదిలిపోతాయి.