డెండ్రోబియంల వెంట: నెల్లూరు నుంచి కడియం, ఏర్కాడు, పెంచలకోన

నెల్లూరులో మా మిద్దె మీద డెండ్రోబియంలు అనే ఆర్కిడ్ మొక్కలు పెంచడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. అందులో నాలుగేళ్ల పాటు మొక్కలు పోవడానికి ఎండే కారణమని నమ్మాను. రోహిణి కార్తెలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో అలా అనుకోవడం సహజమే. అయితే పచ్చ వల కింద వేసవిని గట్టెక్కిన మొక్కలు కూడా కార్తీక మాసం వచ్చేసరికి మొదళ్లు మెత్తబడి కుళ్లిపోతుంటే అసలు చిక్కు ఎండ కాదని, వాన పడే నెలలని అనుమానం వచ్చింది. మనకు వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. హిమాలయ పాదాల్లోనూ, బర్మా, థాయ్‌లాండ్ అడవుల్లోనూ పుట్టిన ఆకురాల్చే డెండ్రోబియంలు సరిగ్గా ఆ రోజుల్లోనే నీరు మాని విశ్రాంతికి సిద్ధమవుతాయి. ఈ ఊరి వానకు తట్టుకునే అరుదైన జాతులు ఏవి, అవి ఎక్కడ నమ్మకంగా దొరుకుతాయి అన్న రెండు ప్రశ్నలతో పోయిన ఆగస్టు నుంచి ఈ ఫిబ్రవరి వరకు, కావలిలో ఉండే మా బావగారితో కలిసి మూడు చోట్లకు వెళ్లి వచ్చాను.

మొదట కడియం. రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి రాజమహేంద్రవరంలో దిగవచ్చు. బస అక్కడే చేయడం మేలు. స్టేషను దగ్గరి లాడ్జీలో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, ఆటోలో కడియపులంక చేరడానికి ఎంతోసేపు పట్టదు. కడియం, కడియపులంకల్లో కాలువ గట్ల వెంట వరసగా నర్సరీలే. ఆర్కిడ్ల విషయానికి వస్తే అక్కడ సులభంగా దొరికేవి టిష్యూ కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన సంకరజాతులు, ముఖ్యంగా సోనియా రకం. ఏడాది పొడవునా ఆకులు నిలిచి ఉండే ఆ రకాలు మన వేడికి, తేమకు బాగా ఒప్పుకుంటాయి కనుక కొత్తగా మొదలుపెట్టేవారికి కడియం కంటే మంచి చోటు నేను చెప్పలేను. సహజ జాతుల కోసమైతే మాత్రం ఆశ తగ్గించుకుని వెళ్లాలి. అంతకు ముందు ఏడాది ఒక నర్సరీలో ‘అనోస్మమ్’ అని చీటీ కట్టిన మొక్కను మామూలు మొక్కకు నాలుగింతల ధర పెట్టి తెచ్చాను. పద్నాలుగు నెలలు పెంచాక అది సోనియాగా పూసింది. డెండ్రోబియం అనోస్మమ్ పూలకు మంచి వాసన ఉంటుంది, పేరుకు మాత్రం వాసన లేనిదని అర్థం. ఆ వాసన కోసం అన్ని నెలలు ఎదురుచూసిన మనిషికి అది చిన్న నష్టం కాదు. ఈసారి చీటీని పక్కన పెట్టి కాడలు చూసి కొన్నాను. కిందటేడు కాడ కంటే ఈ ఏటి కాడ లావుగా, పొడవుగా ఉంటే మొక్క పెరుగుతున్నట్టు, సన్నబడితే ఎంత పచ్చగా కనిపించినా క్షీణిస్తున్నట్టు. వేరు పొడిగా ఉన్నప్పుడు వెండిలా తెల్లగా ఉండి, నాలుగు నీటి చుక్కలు పడగానే ఆకుపచ్చగా మారి, కొనలో పచ్చటి మొన కనిపిస్తే ఆ వేరు బతికే ఉంది.

సెప్టెంబరు చివరలో తమిళనాడులోని ఏర్కాడు వెళ్లాం. చెన్నై సెంట్రల్‌లో ఉదయం కోయంబత్తూరు వైపు రైలెక్కి సేలంలో దిగి, బస్సులో ఇరవై పిన్ను మలుపుల ఘాట్ రోడ్డు మీదుగా కొండ ఎక్కాలి. శని, ఆదివారాల్లో గది అద్దెలు బాగా పెరుగుతాయి కనుక మంగళవారం నుంచి గురువారం వరకు ఉండేలా చూసుకున్నాం. సరస్సుకు ఎదురుగా తీసుకున్న గదికి అద్దె ఎక్కువ, గోడలకు తేమ, దుప్పట్లకు ముక్కిన వాసన. మరుసటి రోజు బజారు వీధిలోని చిన్న లాడ్జీకి మారితే సగం ధరకు పొడిగా ఉన్న గది, కింద వేడి ఇడ్లీ దొరికాయి.

ఏర్కాడులో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ వారి జాతీయ ఆర్కిడేరియం ఉంది. అది కొనడానికి వెళ్లవలసిన చోటు కాదు, చూసి నేర్చుకోవలసిన చోటు. పశ్చిమ కనుమల దక్షిణ కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే పాఫియోపెడిలమ్ డ్రూరీ వంటి అరుదైన మొక్కలను కాపాడుతున్న తోట అది. చీటీల మీది పేర్లు రాసుకుంటూ, ఏ మొక్కను నీడలో వేలాడదీశారో, దేన్ని చెక్కకు కట్టారో గమనిస్తూ ఒక పూట గడిపితే మన మిద్దె మీద చేస్తున్న తప్పులు సగం అక్కడే తెలుస్తాయి.

మాకు మొక్క దొరికింది మాత్రం పర్యాటకుల దారికి ఎడంగా ఉన్న ఒక ఇంటి నర్సరీలో. ఆ ఇంటావిడ సేలం వైపు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం మనిషి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాతో మాట్లాడింది. నేను ఆకురాల్చే రకమైన డెండ్రోబియం అఫిల్లమ్ అడగగానే ముందు మా ఊరేదో కనుక్కుంది. నెల్లూరని చెప్పగానే, “దసరా దాటినాక నీళ్లు పోస్తే పూలు రావన్నా, పిలకలొస్తాయి” అంది. నేను నాలుగేళ్లుగా పట్టుకోలేకపోయిన విషయం అది. శీతాకాలంలో నీరు, ఎరువు అందుతుంటే పాత కాడ కణుపుల్లో మొగ్గ కావలసినది పిలకగా మారిపోతుంది. నా మొక్కలు కుళ్లకుండా మిగిలిన ఏడాది కూడా పూయకపోవడానికి కారణం అదే. అలా తీసిన పిలకల నుంచే పెంచిన రెండు మొక్కలను ఆమె మాకు అమ్మింది. డెండ్రోబియం నోబైల్ కూడా అడిగాను. అది సిక్కిం రాష్ట్ర పుష్పం, చల్లటి రాత్రులు లేకపోతే సరిగా పూయదు కనుక మీ ఊరికి వద్దని ఆమే చెప్పింది. అమ్మగలిగిన మొక్కను అమ్మనన్న ఆ మాటకే ఆ నర్సరీ మీద నాకు గురి కుదిరింది.

అఫిల్లమ్ మీద నాకు ఇంత మక్కువ ఎందుకంటే అది తెలుగు నేలతో ముడిపడిన మొక్క. సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ దీన్ని మొదటిసారి పేరుపెట్టి అచ్చులోకి తెచ్చాడు. అప్పటికి డెండ్రోబియం అన్న ప్రజాతే లేదు, దాన్ని స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు స్వార్ట్జ్ 1799లో ఏర్పరిచాడు.

తిరుగు ప్రయాణంలో మొక్కలను కుండీల్లోంచి తీసి, వేళ్లు ఆరనిచ్చి, పత్రికా కాగితంలో చుట్టి, గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో బెర్తు కింద పెట్టుకుని తెచ్చాం. గతంలో ఒక కొరియరు సంస్థ ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన నా పెట్టెను మే నెలలో ఐదు రోజులు గోదాములో ఉంచింది. తడి నాచు చుట్టి ఉండటంతో తెరిచేసరికి పులిసిన వాసన తప్ప ఏమీ మిగల్లేదు. పంపేవారిని ఎప్పుడూ పొడిగా కట్టమనే అడగండి. ఏ ఊరి ఘాట్ రోడ్డు పక్కనైనా చీటీ లేకుండా, వేళ్లకు చెట్టు బెరడు ముక్కలు అంటుకుని, ఆకులు పురుగు కొట్టి ఉన్న మొక్కలు అమ్ముతుంటే అవి అడవి నుంచి పీకినవి కావచ్చు. వాటిని కొనవద్దు.

ఫిబ్రవరిలో పెంచలకోన. నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా బస్సులో వెళ్లి, దేవస్థానం వసతి గదిలో ఒక రాత్రి ఉన్నాం. మంచం, ఫ్యాను, బకెట్ నీళ్లు తప్ప వేరే సౌకర్యాలు లేవు కానీ నరసింహస్వామి సన్నిధిలో అంతకంటే అవసరం కనిపించలేదు. కోనలోకి వెళ్లే దారిలో ఒక చెట్టు కొమ్మ మీద మన పల్లెల్లో బదనిక అని పిలిచే వాండా టెసెల్లాటా అనే ఆర్కిడ్ కనిపించింది. ఇది డెండ్రోబియం కాకపోయినా మన వానలోనే బతుకుతోంది కదా అని చాలాసేపు దాని ముందే నిలబడ్డాం. వేళ్లలో సగం బెరడును అంటిపెట్టుకోకుండా గాలిలో వేలాడుతున్నాయి. మూడు రోజులు ముసురు పట్టినా వాన వెలిసిన కొన్ని గంటల్లో ఆరిపోయేలా ఉన్నాయి. ముట్టుకోకుండా ఫోటో తీసుకుని వచ్చేశాం. అది అభయారణ్యం.

ఏర్కాడు నుంచి వచ్చిన వెంటనే రెండు అఫిల్లమ్‌లనూ కొబ్బరి పీచు కుండీల్లో పెట్టకుండా మామిడి చెక్కలకు కట్టి, దసరా నుంచి పారదర్శకమైన రేకు కింద వేలాడదీశాను. వాయుగుండం వచ్చి వారం రోజులు కురిసినప్పుడు కూడా వాటి మీద చుక్క పడలేదు. బోరు నీటిలో ఉప్పు ఎక్కువ కనుక డ్రమ్ముల్లో పట్టిన వాననీటినే పది రోజులకోసారి వేళ్ల మీద చిలకరించాను. సంక్రాంతికి ఆకులన్నీ రాలి, కాడలు ఎండుపుల్లల్లా వేలాడితే మా ఇంట్లోవాళ్లు చచ్చిపోయాయనుకున్నారు. ఈ వారం పొద్దున్నే భూతద్దం పట్టుకుని చూస్తే పొడవాటి కాడ మీద ఏడు కణుపులు ఉబ్బి ఉన్నాయి. మొన కోసుగా, ఆకుపచ్చగా ఉంటే పిలక, గుండ్రంగా, కొద్దిగా ఊదా ఛాయతో ఉంటే మొగ్గ. ఐదు గుండ్రంగా ఉన్నాయి, ఒకటి కోసుగా ఉంది, అన్నిటికంటే కింద ఉన్నది ఇంకా పొర విప్పలేదు.